పడవమీది దీపము



ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింపదలచిన విషయము చిన్నది. రాత్రివేళ చేపలవేటకు బోవు చిన్నపడవమీద ఏ దీపము పెట్టుకొనవలెను, దాని నెట్లు పెట్టుకొనవలెను, ఏ దీపము పెట్టుకొనగూడదు అనునదియే ఆ విషయము. విషయము చిన్నదైనను, దానివెంట మనుష్యుల ప్రాణములును, వలలును, అప్పులును, మన బిడ్డల రేపటి కూడును ముడివడియున్నవి. కావున కొంచె మోపికతో వినవలెనని ప్రార్థించుచున్నాను.

నేను దివిసీమవాడను. నాగాయలంక ప్రాంతమున మా యూరు. ముప్పదియేండ్లు బడిపంతులుగా నుండి పిల్లలకు ప్రకృతిశాస్త్రము చెప్పితిని. మా తాతతండ్రుల వృత్తి చేపలవేట. ఇప్పుడు మా అక్కగారి కుమారుడు ఆ వృత్తిలో నున్నాడు. అతనికి ఇరువదియెనిమిది అడుగుల ఫైబరుపడవ యొకటియు, చిన్న ఇంజనొకటియు గలవు. నేను మీకు జెప్పబోవుదానిలో కొంత పుస్తకములవలన తెలిసినది. కొంత యా పడవమీద మేము తిన్న దెబ్బలవలన తెలిసినది.

బందరు దగ్గరి గిలకలదిండి మొదలుకొని హంసలదీవి, పాలకాయతిప్ప, ఎదురుమొండి, నాచుగుంట, సొర్లగొంది వరకు గల మన తీరము మీరెరుగనిది కాదు. కృష్ణమ్మ సముద్రములో కలియుచోట ఇసుకతిప్పలు ఏటేట చోటు మారుచుండును. మడఅడవుల నడుమ కాలువలు వంకరలు తిరిగియుండును. పగలే కన్ను మూసి తెరచిన దారి తప్పు స్థలము. రాత్రి సంగతి చెప్పనేల? అయినను రాత్రివేట మానుటకు వీలులేదు. చీకటిలో వల చేపకు గానరాదు. ఎండ తగులకుండ సరకు తెల్లవారుసరికి రేవు చేరును. అందువలన మనవారు తరతరములుగా రాత్రులే బయలుదేరుచున్నారు.

మా తాతగారు పడవలో హరికేను లాంతరు పెట్టుకొనెడివారు. గాలి రేగినచో పొగచూరి ఆరిపోయెడిది. తరువాత పెట్రోమాక్సు లైట్లు వచ్చినవి. వెలుతురు బాగుగనే యుండెడిది గాని, అల తగిలి ఒక్క కుదుపు కుదిపినంతనే దాని మెత్తని వత్తి బూడిదయై రాలిపోయెడిది. కిరసనాయిలు ఖర్చు వేరు. కట్టెపడవలో నిప్పు భయము వేరు. అటుపిమ్మట మోటారు బ్యాటరీకి తగిలించు గాజుబల్బులు వచ్చినవి. అవి రెండుమూడు గంటలకే బ్యాటరీని పీల్చివేసి, తెల్లవారుజామున వల లాగు సమయమునకు మిణుకుమిణుకు మనెడివి. ఈ మూడు బాధలను తీర్చినది ఎల్‌.ఇ.డి. దీపము.

ఈ దీప మెట్లు వెలుగునో రెండు మాటలలో చెప్పెదను. గాజుబల్బులో సన్నని తీగ ఎర్రగా కాలి వెలుగిచ్చును. అందు ఖర్చయిన విద్యుత్తులో చాలభాగము వేడిగనే పోవును. ఎల్‌.ఇ.డి.లో కాలునది లేదు. గోరుకంటె చిన్నదగు ఒక పలుకు ఉండును. దానిలో విద్యుత్తు ఒకే దిశగా ప్రవహించునపుడు అది తానే వెలుగును విడుచును. కంటికి గానవచ్చు ఎర్రని వెలుగునిచ్చు ఎల్‌.ఇ.డి.ని 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ అను శాస్త్రజ్ఞుడు తయారుచేసెను. తెల్లని వెలుగు కావలెనన్న ముందు నీలివెలుగు కావలసియుండెను. అది చాలకాలము ఎవరికిని చిక్కలేదు. జపానువారగు అకాసాకి, అమానో, నకమూరా అనువారు దానిని సాధించిరి. నీలివెలుగును పసుపుపొడి పూతగుండ పంపినచో అది మనకు తెల్లగా గనిపించును. ఆ ముగ్గురికి 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. గాజుబల్బు వంద వాట్లు తిని ఇచ్చు వెలుతురును ఈ దీపము పదునైదు వాట్లు పుచ్చుకొని ఇయ్యగలదు. కుదుపునకు తెగిపోవు తీగ దీనిలో లేదు. పడవవానికి ఇంతకంటె నేమి కావలెను?

ఇంత మంచి వస్తువును మేము చెడగొట్టుకొన్న విధము వినుడు. నాలుగేండ్ల క్రిందట మా మేనల్లుడు గుడివాడ వెళ్లి, చవుకగా వచ్చినవని నాలుగు దీపములను, ఒక చుట్ట సన్నతీగను కొని తెచ్చినాడు. తీగల కొసలను చేతితో మెలివేసి, నల్లటేపు చుట్టి, బ్యాటరీని పడవ అడుగున పెట్టినాడు. ఫ్యూజు లేదు. మొదటి రాత్రి పడవ పెండ్లిపందిరివలె వెలిగినది. చూచి నేనును సంతోషించితిని. పంతులనై యుండియు మెలివేసిన ఆ ముడులను విప్పి చూడకపోవుట నా తప్పు.

రెండు నెలలు గడచినవి. అమావాస్యకు ముందటి రాత్రి. పడవ నదీముఖము దాటి వల విడిచియున్నది. నేనును ఆనాడు పడవలో నుంటిని. అర్ధరాత్రి దాటినపిమ్మట దీపము లొకటొకటిగా మసకబారి ఆరిపోయినవి. మేము తడుముకొనుచుండగనే పెద్ద మరపడవ యొకటి దడదడ చప్పుడుతో మావైపునకు రాసాగెను. మేమున్నట్లు వారికి దెలియదు. మా కేకలు వారి ఇంజను చప్పుడులో కలిసిపోయినవి. మా అబ్బాయి నడుమున చేతిలైటు ఉండుటచే దానిని తీసి వారి పడవమీదికి, పిదప మా తెల్లని వలకుప్పమీదికి మార్చిమార్చి చూపినాడు. కడపటి క్షణమున వారు ప్రక్కకు తిప్పిరి. మా ప్రాణములు దక్కినవి గాని వలలో సగము వారి మరకు జుట్టుకొని తెగిపోయినది. ఆ వల అప్పుచేసి కొన్నది. ఆ మరపడవవారిని నేను నిందింపను. చీకటిలో దీపములేని పడవ ఎవరి కంటికిని గానరాదు.

తెల్లవారి ఒడ్డున టేపు విప్పి చూచితిమి. రాగితీగ రాగితీగగా లేదు. పచ్చని పొడియై చేతికంటుకొన్నది. ఉప్పునీరు మెలిక లోపలికి ప్రాకి రాగిని తినివేసినది. అప్పుడు మా అబ్బాయి, “మామయ్యా, దీపాలు మంచివి కావేమో,” అన్నాడు. “ఒరే అబ్బాయీ, దీపాల తప్పు కాదురా. మనం కట్టిన ముడుల తప్పు,” అన్నాను. ఆ దినము నుండి తిరిగి మొదలుపెట్టితిమి. ఆ పద్ధతిని మీకు వరుసగా చెప్పెదను.

మొదట లెక్క వేసికొనవలెను. మా పడవకు గుర్తుదీపములన్నియు గలిపి తొమ్మిది వాట్లు. రాత్రి పది గంటలు వెలిగినచో తొంబది వాట్‌గంటలు. వల లాగునపుడు మాత్రము వేయు పనిదీపములు రెండు, ఒక్కొక్కటి ఐదు వాట్లు. మూడు గంటలకు ముప్పది. మొత్తము నూటయిరువది. దీనిని పండ్రెండు వోల్టులచే భాగించినచో పది ఆంపియర్‌గంటలు వచ్చును. సీసపు బ్యాటరీని సగముకంటె ఎక్కువ ఖాళీ చేసినచో అది త్వరలో చచ్చును. కావున ఇరువదికి తక్కువ గానిది కావలెను. నలువది ఆంపియర్‌గంటల బ్యాటరీ యున్నచో ఒకనాడు మబ్బుపట్టినను రెండవ రాత్రి గడచును. నలువది వాట్ల సౌరఫలకము నాలుగుగంటల మంచి యెండలో నూటయరువది వాట్‌గంటలు ఇచ్చును. అందు నాల్గవవంతు నష్టమనుకొన్నను మన ఖర్చునకు సరిపోవును. ఫలకమునకును బ్యాటరీకిని నడుమ చార్జి కంట్రోలరు తప్పక యుండవలెను.

రెండవది తీగ. మామూలు రాగితీగ కాక, కళాయిపూసిన రాగితీగ కొనవలెను. ఇంటిపాత్రకు కళాయి ఎందుకు వేయింతుమో పడవతీగకును అందుకే. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల మందమున్న చాలును. సన్నతీగ వాడినచో దారిలోనే వోల్టులు తగ్గి దీపము మసకబారును. ఒక్కొక్క దీపమునకు రెండు తీగలును బ్యాటరీవరకు రావలెను. ఇంజను ఇనుమును తిరుగుదారిగా వాడరాదు. మెలివేసిన ముడి ఒక్కటియు నుండరాదు. కొసలకు లగ్గులు గట్టిగా నొక్కించి, వేడికి ముడుచుకొను జిగురు గొట్టమును పైన దొడిగించి, దానిమీద వాసెలిను రాయవలెను. తీగ దీపములోనికి పోవుటకుముందు క్రిందికి వ్రేలాడి మరల పైకి పోవునట్లు కట్టినచో, తీగవెంట జారిన నీరు ఆ వంపునుండి కారిపోవును గాని లోపలికి జొరబడదు.

మూడవది ఫ్యూజు. బ్యాటరీ ధనకొసకు జానెడు దూరములోనే ఐదు ఆంపియర్ల ఫ్యూజు పెట్టవలెను. తీగ ఎక్కడనైన ఒరసికొని తెగినచో ఫ్యూజు కాలును. లేనిచో పడవ కాలును.

నాల్గవది బ్యాటరీకి చోటు. పడవ అడుగున నీరు నిలుచుచోట దానిని పెట్టరాదు. సీసపు బ్యాటరీలోనికి ఉప్పునీరు పోయినచో విషవాయువు పుట్టును. మూతగల పెట్టెలో ఎత్తున ఉంచి, పడవ ఒరిగినను కదలకుండ పటకాతో బిగించవలెను. చార్జి అగునపుడు దానినుండి మండు వాయువు వెలువడును గావున పెట్టెకు గాలిరంధ్రములుండవలెను. దాని దగ్గర చుట్ట, బీడీ కాల్చరాదు, చమురుడబ్బా ఉంచరాదు.

ఐదవది దీపము. దానిమీద ఐ.పి.67 అని గుర్తున్నదేమో చూడుడు. మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నను లోపలికి నీరు పోదని దాని యర్థము. వెనుకభాగము అల్యూమినియముతో నుండి వేడిని విడుచునదిగా నుండవలెను, వేడెక్కిన ఎల్‌.ఇ.డి. ఎక్కువకాలము బ్రతుకదు. ధన, ఋణ కొసలు తారుమారైనచో అది వెలుగదు. భయపడక మార్చి తగిలింపుడు.

ఆరవ సంగతి కొందరికి వింతగా దోచవచ్చును. చవుక ఎల్‌.ఇ.డి. దీపములలోని సరంజామా రేడియోతరంగములకు అడ్డము వచ్చును. ఈ చిక్కునుగురించి అమెరికా తీరరక్షకదళమువారు 2018లో నావికులకు హెచ్చరిక జారీచేసిరి. మీరే పరీక్ష చేసికొనవచ్చును. రేడియో పెట్టి, దీపము వేసి ఆర్పి చూడుడు. దీపము వేయగనే గరగర ఎక్కువైనచో ఆ దీపము పడవకు పనికిరాదు. తుపాను వార్త వినబడనీయని దీపము ఎంత వెలిగిననేమి?

ఇక ఏ దీప మెక్కడ నుండవలెను? సముద్రముమీద దీపము భాష వంటిది. ఆ భాషను లోకములోని పెక్కు దేశములు గలిసి 1972లో వ్రాసికొన్నవి. 1977 నుండి అది అమలులో నున్నది. నడచుచున్న పడవకు ఎడమప్రక్క ఎరుపు, కుడిప్రక్క పచ్చ. వల విడిచి వేటలోనున్న పడవకు చుట్టును గనిపించు రెండు దీపములు ఒకదానిపైనొకటి: పైన ఎరుపు, క్రింద తెలుపు. వలను నీటిలో ఈడ్చుకొనిపోవు మరపడవకు పైన పచ్చ, క్రింద తెలుపు. క్రిందిదీపము పడవ అంచునకు రెండు మీటర్లకు తక్కువకాని ఎత్తునను, పైదీపము దానికి మరియొక మీటరు పైనను ఉండవలెను. తెడ్డు వేసికొని పోవు చిన్నపడవకు ఇన్ని లేకపోయినను, తెల్లని చేతిదీపమొకటి సిద్ధముగా నుంచుకొని, ఢీకొను ప్రమాదమునకు ముందే చూపవలెను. ఆ రాత్రి మమ్ము కాపాడినది అదియే. మా అబ్బాయి ఇప్పుడు వలకొసల బెండ్లకుగూడ చిన్న మిణుకుదీపములు కట్టుచున్నాడు.

పనిదీపములను క్రిందికి వంచి వలమీదనే పడునట్లు పెట్టవలెను. నీటిమీదికిగాని ఎదుటివాని కంటిలోనికిగాని కొట్టరాదు. మన కన్ను చీకటికి పూర్తిగా అలవాటుపడుటకు ఇరువదిముప్పది నిమిషములు పట్టును. ఒక్కసారి తెల్లనివెలుగు సూటిగా బడినచో ఆ అలవాటు పోవును. కావున చుక్కానివానిదగ్గర మందమైన ఎర్రదీపము మంచిది.

ఇంతవరకు మనము కనబడుటకును, పని చేసికొనుటకును గావలసిన దీపములనుగూర్చి చెప్పితిని. ఇక చేపలను పిలుచు దీపమునుగూర్చి చెప్పవలెను. నేను ముఖ్యముగా మాటాడదలచినది దీనినిగురించియే.

నీటిమీద బలమైన వెలుతురు పడినచో సూక్ష్మజీవులు చేరును. వానిని తినుటకు చిన్నచేపలు, వానికై పెద్దచేపలు మూగును. ఇది పూర్వులెరిగిన సంగతియే. కాగడాలతో కొంచెముగా చేసినవారును గలరు. కాని కాగడాకును నేటి దీపములకును పోలిక లేదు. పెద్దపడవలమీద జనరేటర్లు పెట్టి, దీపముల వరుసలు వ్రేలాడదీసి, నీటిలోనికిగూడ దింపి, సముద్రమును పట్టపగలు చేసినచో అక్కడ చేరునవి పెద్దచేపలు మాత్రమే కావు. కానాగంతల పిల్లలు, ఇంకను గ్రుడ్డు పెట్టని చిరుచేపలు, అన్నియు ఒక్క వలలో తుడిచిపెట్టుకొనిపోవును. ఒకనాడు ఒకపడవ నిండును; చుట్టుప్రక్కల పదిపడవలు ఖాళీగా వచ్చును; మరుసటియేడు అందరును ఖాళీయే. ఈ కారణముచేతనే కేంద్రప్రభుత్వము 2017 నవంబరు 10వ తేదీన, తీరమునకు పండ్రెండు నాటికల్ మైళ్లకావల మన దేశపు ప్రత్యేకార్థిక మండలములో ఎల్‌.ఇ.డి. మొదలగు కృత్రిమదీపములతో చేపలు పట్టుటను నిషేధించినది. ఆ పండ్రెండు మైళ్లలోపల వేటను క్రమపరచు అధికారము రాష్ట్రప్రభుత్వములది. మనకు 1994 నాటి చట్టమున్నది.

మన తీరమునకు మరియొక కారణము గలదు. కృష్ణా అభయారణ్యపు ఇసుకతిన్నెలమీద చలికాలము చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గ్రుడ్లు పెట్టును. పిల్లలు రాత్రివేళ ఇసుకనుండి వెలువడి, ఆకాశమంచున వెలుతురెటున్న అటు ప్రాకును. సహజముగా ఆ వెలుతురు సముద్రమువైపుననే యుండును. ఒడ్డున మన దీపములు వెలిగినచో పాపము దారితప్పి నేలవైపు ప్రాకి చచ్చును. రేవులో నిలిపిన పడవలదీపము లార్పుట మనకు నష్టము గాదు.

మా పల్లెలో ఈ తగవు వచ్చినది. నిరుడు నలుగురు కుర్రవాండ్రు జనరేటరు కొని పెద్దదీపములు పెట్టదలచిరి. వారిలో మా మేనల్లుడును ఒకడు. పెద్దలు కూర్చున్నచోట అతడు లేచి ఇట్లనినాడు: “మామయ్యా, మీరు చెప్పేది ధర్మమే. కాని వేరే రేవులవాళ్లు దీపాలు పెట్టి మా ముందరి చేపను ఎత్తుకుపోతుంటే మేము చేతులు కట్టుకొని చూడాలా? తెగిన వల అప్పు ఎవరు తీరుస్తారు?” సభలో ఎవ్వరును మాటాడలేదు. నాకును వెంటనే బదులు తోచలేదు. అతడనినది అబద్ధము కాదు. ఆకలిగొన్నవానికి మరుసటియేటి చేపనుగూర్చి చెప్పుట సులభముగాదు.

మా కులపెద్ద, ఎనుబదియేండ్ల ముదుసలి, కొంతసేపటికి నోరు విప్పెను. “అబ్బాయీ, నువ్వు దీపం పెడితే పక్కవాడు రెండు పెడతాడు. వాడు రెండు పెడితే నువ్వు నాలుగు పెట్టాలి. దానికీ అప్పే చెయ్యాలి. చివరికి చేపా ఉండదు, అప్పు మటుకు ఉంటుంది,” అన్నాడు. అంతటితో విడువక, ఆ నలుగురి అప్పు వాయిదాను ఒక యేడు పొడిగింపవలెనని షావుకారునొద్దకు తానే కఱ్ఱ పట్టుకొని వెళ్లెను. షావుకారు ఆరునెలలకు ఒప్పుకొనెను. జనరేటరు బేరము ఆగినది. మా వాడు సంతోషముగా ఆగెనని నేను చెప్పను; ఇప్పటికిని అప్పుడప్పుడు సణుగుచునే యుండును. కాని ఆగినాడు. వద్దని చెప్పినవాడు బరువులో కొంత పట్టుకొన్నగాని వద్దనుమాటకు విలువ లేదని ఆనాడు నేను నేర్చుకొంటిని.

చేపను పిలుచుటకు దీపమే దారి కాదు. హైదరాబాదులో సముద్రవార్తల కేంద్రమొకటి, ఇన్‌కాయిస్ అనునది, 1999 నుండి గలదు. అది ఉపగ్రహములద్వారా నీటి వేడిమిని, రంగును గనిపెట్టి, చేపలు చేరు అవకాశముగల తావులను తెలుగులోగూడ తెలుపుచున్నది. నిషేధకాలములలో తప్ప తరచుగా ఆ వార్త వచ్చును. చదువుకొన్న పెద్దలు రేవున నిలిచి దానిని పదిమందికి చదివి వినిపించినచో, వెదకులాటలో కాలు చమురు కొంత మిగులును.

పెద్దలారా, 1977 నవంబరు 19వ తేదీని మనలో మరువగలవారెవరు? నాకప్పుడు పదునొకండేండ్లు. ఉప్పెన తీసిన పిమ్మట ఆ రాత్రి మేము మిగిలినచోట ఒక్క దీపము లేదు. ఎవరు బ్రతికిరో ఎవరు పోయిరో తెలియక, చీకటిలో ఒకరి పేరొకరు పిలుచుకొనుచు తెల్లవార్చితిమి. దీపము ఉప్పెనను ఆపదు. హెచ్చరిక విన్నప్పుడు పడవను ఒడ్డున కట్టివేయుటయే ప్రాణరక్ష. కాని ఆ రాత్రినుండి, దీపమనగా నేనిక్కడ నున్నానని తోడివానికి చెప్పు మాటయని నా మనస్సున నాటుకొన్నది.

కావున మీ మీ యూళ్లలో మూడు కట్టుబాట్లు చేయుడని వేడుకొనుచున్నాను. గుర్తుదీపములును, చేతిలైటును లేని పడవను రాత్రి రేవు దాటనీయకుడు. ప్రతి అమావాస్యకుముందు ఊరి పడవలన్నిటి తీగలను, ఫ్యూజులను ఒక్కచోట చేర్చి పరీక్షింపుడు. చేపల నాకర్షించు పెద్దదీపములను మీ రేవున అడుగుపెట్టనీయకుడు; అట్లు వద్దన్నపుడు, ఆ కుర్రవాని యప్పు సంగతిగూడ మీరే విచారింపుడు.

మా మేనల్లుడు ఈ రాత్రియు వేటకు బోయినాడు. మా యింటి దాబామీదికెక్కి చూచినచో దూరమున ఒక ఎర్రచుక్కయు దానిక్రింద ఒక తెల్లచుక్కయు గానవచ్చును. అవి కనబడినంతసేపు మా అక్కగారు నిద్రపోగలదు.